నీళ్లు తాగిన జబ్బలు

ఆ వార్త నాకు మొదట చెప్పింది మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసే అక్క. సద్దుల బతుకమ్మకు ఇంకా నాలుగు రోజులు ఉందనగా, పొద్దున్నే గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"చెల్లే, ఇన్నవా? దసర తెల్లారి బొంబాయి సాబు వస్తుండట. చైనా బండి ఒకటి ఎంబడి తెస్తుండట. మన బండిని, దాన్ని పక్కపక్కకు వెట్టి కింద పడేసి సూస్తరట. మనది ఇరిగిందనుకో..." అని గొంతు తగ్గించింది. "ఇగ పార్టులన్ని ఆడికెల్లే తెప్పిస్తరట. మేస్త్రిని ఇంటికి తోలుతరట."

"నీకెవరు జెప్పిన్రక్కా?"

"చాయ్ ఇయ్యవోతే సార్ ఫోన్ల మాట్లాడుతుండు. నన్ను గోడననుకున్నడో ఏమో, ఆపలే."

నవ్వుతూనే చెప్పింది గాని, నా చెయ్యి మాత్రం వదల్లేదు.

పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో మాది చిన్న షెడ్డు. యజమానిని అందరం సార్ అనేవాళ్లం. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. రిమోట్‌తో నడిచే పెద్ద చక్రాల బొమ్మ బండ్లు తయారయ్యేవి అక్కడ. వాటిని మా దగ్గర కొని అమ్మే వ్యాపారి బొంబాయి సాబు. డబ్బా మీద ఇంగ్లీషులో మాన్‌స్టర్ ట్రక్ అని ఉండేది, మేమంతా ఎర్ర బండి అనేవాళ్లం. మోటారు, రిమోట్, లోపలి సర్క్యూటు బయటి నుంచి వచ్చేవి. మిగతా ప్లాస్టిక్ భాగాలన్నీ మా దగ్గరే అచ్చు పోసేవాళ్లు. డైలు అనే ఆ అచ్చులన్నీ చేసింది ఒకే మనిషి. పక్కనున్న ఇంద్రేశం ఊరి నుంచి సైకిల్ మీద వచ్చే మేస్త్రి. టూల్‌రూమ్, అంటే అచ్చుల గది, ఆయనదే. ఆడవాళ్లమంతా ఆయన్ని కాకా అని పిలిచేవాళ్లం. యాభై ఐదు దాటిన మనిషి. కుడిచేతి చూపుడువేలు మొదటి కణుపు వరకు లేదు, ఏదో పాత కంపెనీ ప్రెస్సు కింద పోయింది. ఆ వయసులో, ఆ చేతితో, ఇక్కడి నుంచి పంపించేస్తే ఇంకో గేటులో ఆయన్ని ఎవరూ రానివ్వరు. ఈ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

నేను బడికి పోలేదు. ఊళ్లో బడి లేక కాదు, జబ్బు మనిషైన మా అమ్మకు పక్కన ఎవరో ఒకరు ఉండాల్సి వచ్చింది. ఆమే మంచంలో కూర్చుని, పళ్లెంలో బియ్యప్పిండి పరిచి, వేలితో అక్షరాలు దిద్దించింది. ఆ అక్షరాల పుణ్యాన నాకు ఫ్యాక్టరీలో టెస్టు టేబుల్ దొరికింది. బండి బిగించడం, పరీక్షించడం, ఎక్కడ విరిగిందో పుస్తకంలో రాయడం నా పని. దేవుడు నాకిచ్చిన మంచి పనుల్లో అది ఒకటని ఇప్పటికీ అనుకుంటాను.

కాక అప్పుడప్పుడు బేగంబజార్ నుంచి రకరకాల బండ్లు కొని తెచ్చేవాడు. ఇద్దరం వాటిని గోడకేసి కొట్టి, నడుమెత్తు నుంచి సిమెంటు గచ్చు మీద పడేసి, విప్పి చూసేవాళ్లం. కొన్నాళ్లకు నాకు ఒక సంగతి అర్థమైంది. పైన ఎంత సోకు ఉన్నా, బండ్లన్నీ దాదాపు మూడు చోట్లే విరుగుతాయి. చక్రాన్ని ఒంటికి పట్టి ఉంచే భాగం ఒకటి, పై డొప్పను నిలబెట్టే స్క్రూ స్తంభం ఒకటి, ముందు చక్రాలను తిప్పే పళ్లచక్రం ఒకటి. చక్రాన్ని పట్టి ఉంచే ఆ భాగాన్ని సార్లు ఆర్మ్ అనేవాళ్లు. భుజం నుంచి మోచేతి దాకా ఉండే జబ్బలా కనిపిస్తుంది కాబట్టి మేము జబ్బ అన్నాం. బండికి నాలుగు జబ్బలు.

కాక మా ఎర్ర బండిని ఆ మూడు చోట్లనూ దృష్టిలో పెట్టుకునే చేశాడు. జబ్బ మొదలు దగ్గర మూలను గుండ్రంగా తీశాడు. "మూల కోసుగ ఉంటె దెబ్బంత ఆడ్నే కూసుంటది బిడ్డా, గుండ్రంగుంటె జారిపోతది" అనేవాడు. స్తంభాల చుట్టూ సన్నటి గోడలు ఆనించాడు. చక్రాలు గోడకు తగిలినప్పుడు పళ్లు ఊడకుండా తిప్పే కడ్డీ దగ్గర చిన్న స్ప్రింగు పెట్టాడు. చూడడానికి మాత్రం మా బండి, ట్రాక్టర్ మీద జీపు మూత బోర్లించినట్టు ఉండేది. డొప్ప ఎత్తు ఎక్కువై, వేగంగా తిప్పితే బోర్లా పడేది. ఆ మాట నేనే అన్నాను ఒకసారి. కాక కోపం తెచ్చుకోలేదు. "అందం నాకు రాదు బిడ్డా, ఇరగకుంట మాత్రం జేస్త" అన్నాడు.

జబ్బలను నైలాన్‌తో పోసేవాళ్లు. అచ్చులోంచి బయటికి రాగానే వాటిని వేడినీళ్ల డ్రమ్ములో వేసి రోజుల తరబడి ఉంచేవాడు కాక. "గిది దూపతోని పుడుతది. పుట్టంగనే నీళ్లు తాపాలె" అనేవాడు. ఆ మాట వినేదాన్నే గాని, ఎందుకో అడగలేదు. స్లాబు పోసిన ఇంటికి నీళ్లు కొట్టినట్టే ఇదీ అనుకున్నాను. పదిరోజులు తడిపితే స్లాబు గట్టిపడుతుంది, ఆ తరువాత ఎంత ఎండ కాసినా దానికేం కాదు. పైగా మా షెడ్డులో రోజూ వినే మాట ఇంకొకటి ఉంది. కరిగించే ముందు ప్లాస్టిక్ గింజలను, అంటే దానాను, ఓవెన్‌లో ఎముకలా ఆరబెట్టాలి, చుక్క తడి ఉన్నా సరుకు చెడుతుంది. కాబట్టి తడి పోవడం మంచిదేనన్న మాట నా తలలో గట్టిగా నాటుకుపోయింది.

ఆయుధపూజకు ముందురోజు షెడ్డంతా కడిగాం. మిషన్లు, రెంచీలు, బల్లలు, చివరికి నీళ్ల డ్రమ్ము కూడా బోర్లించి తోమాం. బొంబాయి సాబుకు చూపించే మూడు బండ్లను అమ్మవారి పటం ముందు పెట్టి, పసుపు కుంకుమలతో పూజ చేయించాలని నాకు అనిపించింది. కాక గండం గట్టెక్కాలని మొక్కుకున్నాను కూడా. డ్రమ్ములో అప్పటికి మిగిలిన పన్నెండు జబ్బలను తీసి, గుడ్డతో తుడిచి ఒకదానికి బొట్టు పెడితే, కుంకుమ కారి ఎర్రని చారికలా అయింది. మనసు చివుక్కుమంది. తడి మీద బొట్టు నిలవదు. జబ్బలన్నిటినీ పళ్లెంలో సర్ది, దానా ఆరబెట్టే ఓవెన్‌లో పెట్టాను. ఒక పగలు, ఒక రాత్రి. మర్నాడు తీసి చూస్తే కరకరలాడే అప్పడాల్లా పొడిగా ఉన్నాయి. బొట్లు చక్కగా నిలిచాయి. బండ్లు బిగించి పటం ముందు పెట్టాను. కాక అచ్చుల గదిలో పూజ చేసుకుంటున్నాడు. ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతి అనుకోలేదు.

దసరా తెల్లారి పొద్దున్న జమ్మి ఆకు కాక చేతిలో పెట్టి మొక్కాను. "సల్లగుండు బిడ్డా" అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు ఆ రోజు. అంతకు ముందు ఎప్పుడూ వేసుకోలేదు.

పది దాటాక బొంబాయి సాబు వచ్చాడు. సన్నటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. సాయంత్రం నాలుగున్నరకు విమానాశ్రయానికి బయల్దేరాలని వచ్చీ రాగానే చెప్పాడు. తన సంచిలోంచి నీలం బండి తీసి నా టేబుల్ మీద పెట్టాడు. చూడగానే మా వాళ్లందరి నోట్లోంచి ఒక్కటే శబ్దం వచ్చింది. డొప్ప మీద నిప్పుల మంటల బొమ్మలు, మెరిసే గొట్టాలు, ముళ్ల చక్రాలు. ఒళ్లు నేలకు దగ్గరగా ఉండి, ఎంత తిప్పినా బోర్లా పడలేదు. పక్కనే మా ఎర్ర బండి పెళ్లికొచ్చిన పాలేరులా ఉంది.

"మాస్టర్, ఆప్ కీ గాడీ తో ట్రాక్టర్ లగ్‌తీ హై" అని నవ్వాడు సాబు. ట్రాక్టర్‌లా ఉందట. కాక కూడా నవ్వాడు. "ట్రాక్టర్ బురదల గూడ పోతది సాబ్" అన్నాడు.

నేను తిరగేసి చూశాను. నీలం బండి స్క్రూ స్తంభాలు సన్నగా, ఆనుగోడలు లేకుండా ఉన్నాయి. జబ్బ మొదలు కోసుగా ఉంది. నాలుగైదు దెబ్బలకు మించి ఆగదనిపించింది. ధైర్యం వచ్చింది.

మా సార్ షరతు చెప్పాడు. నడుమెత్తు నుంచి గచ్చు మీద పది సార్లు. ఒకసారి వాళ్లది, ఒకసారి మాది. పడేయడం నా పని.

నీలం బండి మొదటి దెబ్బకు ఎగిరి నిలబడింది. ఎర్ర బండి మొదటి దెబ్బకు పక్కకు దొర్లింది, లేపితే నడిచింది. నీలం బండి రెండో దెబ్బా తట్టుకుంది. ఎర్ర బండిని రెండోసారి వదిలాను. టప్పుమంది. ముందు ఎడమ చక్రం ఊడి, అచ్చు పోసే మిషన్ కిందికి దొర్లిపోయింది.

 సార్ రెండో బండి తెమ్మన్నాడు. అది మొదటి దెబ్బకే పోయింది. ఈసారి వెనక జబ్బ.

"ఏంది మేస్త్రీ ఇది? ఎనిమిది నెలలు పట్టింది నీ డై, ఎనిమిది నిమిషాలు ఆగలేదు" అన్నాడు సార్. కాక వంగి విరిగిన ముక్క తీసుకుని, అద్దాలు పైకి నెట్టి చూశాడు.  చొక్కా జేబులో వేసుకున్నాడు ఆ ముక్కను. సార్, సాబు, కాక ముగ్గురూ సార్ కూర్చునే అద్దాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

నా దగ్గర రెండో ముక్క ఉంది. విరిగిన చోటు గాజు ముక్కలా నున్నగా ఉంది. అన్ని నెలలుగా నేను విరగ్గొట్టిన జబ్బలు అలా లేవు. అవి వంగేవి, తెల్లబడేవి, సాగి సాగి అప్పుడు తెగేవి.  లేచి షెడ్డు వెనక డ్రమ్ము దగ్గరికి పరుగెత్తాను. తోమి బోర్లించిన డ్రమ్ము కింద, గచ్చు గుంటలో నిలిచిన నీళ్లలో, జారిపోయిన జబ్బ ఒకటి కనిపించింది. తీసి రెండు చేతులతో వంచాను. విల్లులా వంగి, వదిలితే మళ్లీ నిటారుగా అయింది. మూడో బండి నుంచి ఒక జబ్బ విప్పి వంచాను. సగం కూడా వంగకుండానే వేళ్ల మధ్య టప్పుమంది.

అక్కడే నిలబడి కొంచెంసేపు అమ్మవారిని తలుచుకున్నాను. నిజం చెప్పాలంటే, దారి చూపమని కాదు. ఎవరికీ తెలియకుండా ఉండనీ అని. ఆ మాట మనసులో అనుకుని ఒక్కసారిగా సిగ్గుపడ్డాను. నా ఉద్యోగం పోతే ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో మా ఆయనకు దగ్గు పట్టి పనికి వెళ్లక అప్పటికి రెండు నెలలు.

క్యాంటీన్ అక్క పప్పు గరిటెతోనే బయటికొచ్చింది. "ఏమైందే? మొఖం గట్లయింది?"

చెప్పాను. 

"ఎవ్వరన్న సూసిండ్రా నువ్వు ఓవెన్ల వెట్టుడు?"

"లేదక్కా."

"మరి?"

"కాక పోతడక్కా."

అక్క కొంగుతో నా మొహం తుడిచి, అద్దాల గది వైపు తోసింది.

తలుపు తీసేసరికి కాక నడుముకు ఉన్న టూల్‌రూమ్ తాళాల గుత్తి విప్పి సార్ బల్ల మీద పెడుతున్నాడు. సార్ కిటికీ వైపు చూస్తున్నాడు. సాబు నీలం బండిని సంచిలో పెట్టుకుంటున్నాడు.

"సార్, డైల తప్పు లేదు. తప్పు నాది. జబ్బలు ఓవెన్ల నేనే ఆరవెట్టిన" అన్నాను. 

"ఆరబెట్టావా? నిన్నెవరు ఆరబెట్టమన్నారు?"

నేను నోరు తెరిచేలోపే కాక అన్నాడు. "నేనే జెప్పిన సార్. యాదిల్లేక జెప్పిన. పిల్లది నా మాట ఇన్నది."

అది అబద్ధం. ఆయన తల కూడా తిప్పలేదు నా వైపు. ఆ ఒక్క క్షణం నేను ఊరుకుంటే చాలు, నా పని నాకుంటుంది. 

"లేదు సార్. కాకకు తెల్వదు. బొట్టు నిల్వాలని నేనే వెట్టిన. ఆయన నా కోసం అబద్దం జెప్తుండు."

సార్ మొహం ఎర్రబడింది. "బొట్టు కోసమా? నువ్వు చేసింది బండికి పూజా, మా వ్యాపారానికి దినమా?" అని అరిచాడు. సాబు మాత్రం సంచి మూసి, "బహానా మత్ కరో" అన్నాడు. సాకులు చెప్పొద్దని.

మాటలతో లాభం లేదనిపించింది. నీళ్లలో దొరికిన జబ్బను ఆయన ముందు పెట్టి, పక్కన ఎండిన జబ్బ ఇంకొకటి పెట్టాను. "మీరే వంచి సూడున్రి సాబ్." ఆయన ముందు ఎండినదాన్ని తీసుకున్నాడు. టప్పుమంది. తరువాత తడిదాన్ని తీసుకుని వంచాడు, మెలితిప్పాడు, రెండు చివరలూ కలిపాడు. వదిలితే వెనక్కి వచ్చింది. మళ్లీ వంచాడు. గడియారం చూశాడు.

"చార్ బజే తక్" అన్నాడు. నాలుగింటి వరకు.

ఎండినవాటిలో విరగనివి ఎనిమిది జబ్బలు మిగిలాయి. వాటిని మరిగించడానికి క్యాంటీన్ పొయ్యి తప్ప ఇంకేం లేదు. అక్క అన్నం ఎసరు దించేసి, ఆ గుండిగనే ఇచ్చింది. ఆ రోజు షిఫ్టు వాళ్లంతా ఇళ్ల నుంచి తెచ్చుకున్న దసరా గారెలు, సకినాలు పంచుకు తిన్నారు. "ఏం చారే ఇయ్యాల?" అని ఒకామె తొంగి చూస్తే, "జబ్బల చారు, పొయ్యాల్నా?" అంది అక్క. నాకు నవ్వు రాలేదు. గుండిగ పక్కన కూర్చుని, నీళ్లు తగ్గినప్పుడల్లా పోస్తూ, మూడు గంటలు మంట చూశాను. కాక ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.  ఆయనకూ తెలియదు, మూడు గంటలు సరిపోతాయో లేదో. మామూలుగా రోజులు పడుతుంది.

మూడుంబావుకు నాలుగు జబ్బలు తీసి మూడో బండికి వేడి మీదే బిగించాను. వేళ్లు కాలాయి. షెడ్డులో మిషన్లన్నీ ఆపేశారు. ఎవరూ ఆపమనలేదు, వాళ్లంతట వాళ్లే ఆపి వచ్చి నిలబడ్డారు.

మళ్లీ మొదటి నుంచి పది. రెండో దెబ్బకు ఎర్ర బండి గచ్చు తాకినప్పుడు కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి నాలుగు చక్రాలూ ఉన్నాయి. మూడు. నాలుగు. ఐదో దెబ్బకు నీలం బండి డొప్ప కాస్త వదులైంది. ఆరో దెబ్బకు మా ముందు జబ్బ ఒకటి తెల్లబడింది. కాక వంగి చూసి, "ఎయ్యి, ఎయ్యి" అన్నాడు మెల్లగా. వెయ్యమని. ఏడో దెబ్బకు నీలం బండి స్క్రూ స్తంభం మొదలంటా విరిగి, మంటల బొమ్మల డొప్ప పక్కకు వేలాడింది. రిమోట్ నొక్కితే ముందు చక్రాలు తిరగలేదు, లోపల పళ్లు కరకరమన్నాయి.

"ఆపనా సార్?" అన్నాను.

"పది అన్నాం కదా" అన్నాడు సార్.

ఎనిమిది, తొమ్మిది. పదో దెబ్బకు మా డొప్ప ముందు భాగం నిలువునా చీలింది.  నేను రిమోట్ నొక్కాను. బండి చీలిన మొహంతో షెడ్డు ఆ చివరి దాకా పోయి, గోడకు గుద్దుకుని, వెనక్కి తిరిగి వచ్చింది.

సాబు మోకాళ్ల మీద కూర్చుని రెండు బండ్లనూ తిరగేసి చాలాసేపు చూశాడు. వేలితో మా జబ్బ మొదలు గుండ్రాన్ని తడిమాడు. ఆయన హిందీలో చెప్పిన దాన్ని సార్ తెలుగులో చెప్పాడు. కింది ఒళ్లంతా మనది, పైన డొప్ప మాత్రం వాళ్లది. జబ్బలు ఇక్కడే పోయాలి, అచ్చులు మేస్త్రే చూడాలి. సార్ లోపలికి వెళ్లి తాళాల గుత్తి తెచ్చి కాక చేతికిచ్చాడు.  కాక దాన్ని నడుముకు కట్టుకున్నాడు.

నన్ను మర్నాటి నుంచి టెస్టు టేబుల్ నుంచి తీసేశారు. ముక్కల అంచులు కత్తితో చెక్కే బల్ల దగ్గర కూర్చోబెట్టారు, రెండేళ్లు. న్యాయమే. ఉద్యోగం తీసేయలేదు, అదే దేవుడి దయ. సాబు వెళ్లిన మూడో రోజున కాక ఒక అట్టముక్క, నల్ల స్కెచ్ పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు.

"రాయి బిడ్డా. బిగించే దాక నీళ్లలకెల్లి తియ్యొద్దని రాయి. తడి ఆరితె గాజు లెక్క ఇరుగుతదని గూడ రాయి. నేను నోటితోని జెప్పిన గాని, ఎందుకో జెప్పలే. అది నా తప్పు."

రాశాను. అక్షరాలు పెద్దగా, ఎవరికైనా తెలిసేలా. రాస్తూ అడిగాను. "అద్దాల రూమ్‌ల అట్లెందుకన్నవ్ కాకా?"

"నేనెట్లనన్న పోయేటోన్నే అనుకున్న. ఇద్దరమెందుకు పోవాలె?" అన్నాడు. అట్ట తీసుకుని, షెడ్డు వెనక డ్రమ్ముకు తీగతో కట్టి వెళ్లిపోయాడు.

తరువాత ఆరేళ్లు ఆ అచ్చులు నడిచాయి. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు, ఆ స్థలంలో గోదాము వచ్చింది. కాక కూడా లేడు. చివరి రోజుల్లో కళ్లు బాగా తగ్గి, ఇంద్రేశంలో ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ల గొంతు విని పేరు పెట్టి పిలిచేవాడు. నేను వెళితే మా ఆయన దగ్గు ఎలా ఉందని అడిగేవాడు.

ఏ డబ్బా మీదా ఆయన పేరు అచ్చు కాలేదు. ఆయన ఇంటివాళ్లు వద్దన్నారు కాబట్టి నేనూ ఇక్కడ రాయలేదు. చదివినవాళ్లను నేను అడిగేది ఒక్కటే. మీరు దీపం పెట్టే వేళకు, తనది కాని తప్పును తన మీద వేసుకోబోయిన ఆ మేస్త్రిని ఒకసారి తలుచుకోండి. పేరు తెలియకపోయినా ఆయనకు అందుతుంది.